రంగుల గోడలూ నాలుగున్నర అంకణాలూ: నెల్లూరులో చిన్న ఫ్లాటు అమ్మకంలోని చిక్కుముళ్లు

నెల్లూరు ట్రంకు రోడ్డుకు నాలుగు సందుల లోపల, రెండో అంతస్తులో, మా నాన్న 2004లో కొన్న 780 చదరపు అడుగుల ఫ్లాటును అమ్మకానికి పెట్టినప్పుడు చూడవచ్చిన ప్రతివారూ మొదట గోడల గురించే మాట్లాడారు. వంటగది ముదురు పసుపు, హాలులో ఒక గోడ చిలకపచ్చ, పడకగది ఆకాశనీలం, బాల్కనీ గ్రిల్లుకు దానిమ్మ ఎరుపు. అన్నీ మా అమ్మ ఎంపికే. కొందరు ముచ్చటపడ్డారు, మరికొందరు ముందు తెల్లరంగు వేయించమని సలహా ఇచ్చి వెళ్లిపోయారు. చివరికి ఫ్లాటు తీసుకున్న కుటుంబం మాత్రం గదులన్నీ ఒకసారి చుట్టివచ్చి, కుర్చీలో కూర్చుని, దస్తావేజు నకలు అడిగి, షెడ్యూలు ఉన్న పేజీ తిప్పి, "అవిభాజ్య వాటా ఎన్ని అంకణాలండీ?" అని అడిగింది. పాత అపార్ట్‌మెంటులో చిన్న ఫ్లాటు అమ్మాలనుకునే ఎవరైనా ముందుగా సమాధానం సిద్ధం చేసుకోవలసిన ప్రశ్న అదే.

అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొన్నవారికి రెండు వస్తాయి: నాలుగు గోడల మధ్య ఉన్న ఇల్లు, ఆ భవనం నిలబడిన స్థలంలో హద్దులు గీయని ఒక వాటా. ఆ రెండోదే అవిభాజ్య వాటా. ఇల్లు ఏటేటా పాతబడుతుంది, స్థలం పాతబడదు. అందుకే ఇరవై ఏళ్లు దాటిన భవనంలో ధర బరువంతా క్రమంగా స్థలం వాటా వైపు ఒరుగుతుంది. నెల్లూరు వాళ్లకు ఈ వాటా అంకణాలలో చెబితేనే మనసుకు పడుతుంది. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. అదే తిరుపతి వైపు వెళితే అంకణం 36 చదరపు అడుగులే. బయటి ఊరి నుంచి వచ్చిన కొనుగోలుదారు ఈ తేడా తెలియక సగం వాటానే అనుకున్న సందర్భాన్ని నేను కళ్లారా చూశాను కాబట్టి, వాటాను అంకణాలతో పాటు చదరపు అడుగులలోనూ గజాలలోనూ రాసి చూపించడం మంచిది. మా దస్తావేజులో వాటా నాలుగున్నర అంకణాలు, అంటే 324 చదరపు అడుగులు, 36 గజాలు.

ఈ లెక్క ధరను ఎలా నిర్ణయిస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. ఆ వీధిలో ఖాళీ స్థలం అంకణం 4 లక్షల రూపాయలు పలుకుతుందనుకుంటే, నాలుగున్నర అంకణాల విలువ 18 లక్షలు. ఫ్లాటుకు 30 లక్షలు అడుగుతున్నామంటే మిగిలిన 12 లక్షలూ 780 చదరపు అడుగుల పాత కట్టడానికి అడుగుతున్నట్టు. చదరపు అడుగుకు దాదాపు 1,540 రూపాయలు. లిఫ్టు పనిచేస్తూ, నీటికి ఇబ్బంది లేకుండా, మెట్లు శుభ్రంగా ఉన్న భవనమైతే ఆ మాట నిలబడుతుంది. ఇదే వీధిలో ఇంతే పెద్ద ఫ్లాటుకు వాటా మూడు అంకణాలే ఉంటే, ఎంత అందంగా ఉన్నా దాని ధర మన ధరతో సమానం కాకూడదు. పక్కింటివారు ఎంతకు అమ్మారో తెలుసుకుని అదే ధర చెప్పే అలవాటులో దెబ్బ తగిలేది ఇక్కడే. పక్కింటి వాటా ఎంతో ఎవరూ అడగరు.

విస్తీర్ణం దగ్గర మరో పేచీ ఉంది. పాత దస్తావేజులలో రాసే చదరపు అడుగులలో గోడల మందం, బాల్కనీ, మెట్లు, వరండాలలో మన వంతు కలిసి ఉంటాయి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కార్పెట్ ఏరియాకు స్పష్టమైన నిర్వచనం ఇచ్చిన తరువాత కొనుగోలుదారులు లోపల నడిచే నేల ఎంత అని అడగడం నేర్చుకున్నారు. మేము టేపు పట్టి కొలిస్తే లోపలి నేల 610 చదరపు అడుగులు తేలింది. ఆ అంకెను మేమే ముందుగా చెప్పాము. చెప్పకపోతే వారే కొలుస్తారు, కొలిచాక మనం చెప్పే మిగతా మాటలన్నింటినీ అనుమానంతోనే వింటారు.

ఇప్పుడు రంగుల సంగతి. తెల్లరంగు వేయించమన్న సలహాను నేను దాదాపు పాటించబోయాను. పెయింటరు వచ్చి పడకగదిలో బీరువాను జరిపినప్పుడు, దాని వెనుక నీలం గోడ మీద అరచేయంత మేర రంగు పొక్కి, వేలితో తాకితే పిండిలా రాలింది. పై అంతస్తు స్నానాలగది గొట్టం నుంచి వచ్చే చెమ్మ అది. పుట్టీ పెట్టి, రెండు పూతలు వేస్తే ఆరు నెలలు కనబడదని అతను చెప్పాడు, అది నిజమే కూడా. అయితే నెల్లూరు జిల్లాలో వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాలవి. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదను చూసినవారెవరూ ఇక్కడి గోడల చెమ్మను తేలికగా తీసుకోరు. వేసవిలో కప్పిన మచ్చ కార్తీకంలో మళ్లీ బయటపడుతుంది. పైగా 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షను, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం ఏదైనా అమ్మేవారికి తెలిసి ఉంటే దానిని చెప్పి తీరాలని అమ్మేవారి మీద బాధ్యత పెట్టింది. తెలిసి తెలిసి చెమ్మ మీద రంగు పూయడం ఆ బాధ్యతను తప్పడమే.

పై ఇంటివారితో మాట్లాడి గొట్టం మార్పించి, గోడ ఆ మేరకు గీకించి, ఆరనిచ్చి, అదే నీలం వేయించాము. వచ్చినవారికి ఆ చోటు చూపించి, ఏం జరిగిందో, ఏం బాగుచేశామో చెప్పాము. మిగతా గోడలను ముట్టుకోలేదు. చిన్న ఇంట్లో ముదురు రంగు గదిని మరింత చిన్నదిగా చూపిస్తుందన్న మాట కిటికీ లేని గది విషయంలో నిజం. వెలుతురు బాగా పడే గదిలో శుభ్రంగా ఉన్న పసుపు గోడ వల్ల ధర తగ్గిన దాఖలా నాకు కనబడలేదు. రంగుకు పెట్టే డబ్బులో కొంత మురికిపట్టిన స్విచ్చులకూ, కారే కుళాయిలకూ, బిగుసుకుపోయిన తలుపు గొళ్లేలకూ పెడితే ఎక్కువ ప్రయోజనం ఉంటుందని నా అభిప్రాయం. చూడవచ్చినవారి చేయి తగిలేది వాటికే.

సందడిగా ఉండే పేటలో ఇల్లు అమ్మేటప్పుడు ఆ సందడిని దాచాలనిపించడం సహజం. మా సందులో తెల్లవారకముందే పాల క్యాన్ల చప్పుడు మొదలవుతుంది, సాయంత్రం ఇడ్లీ బండి దగ్గర మోటారు సైకిళ్లు ఆగుతాయి, రాత్రి పదిన్నర దాకా మందుల షాపు దీపం వెలుగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం మూడు గంటలకు పిలిచి చూపిస్తే ఇవేవీ తెలియవు. కానీ ఇలాంటి ఇల్లు కోరుకునేవారు ఈ సందడి కోసమే కోరుకుంటారు: ఆసుపత్రికి నడిచి వెళ్లగలిగితే చాలుననుకునే పెద్దవాళ్లు, షిఫ్టు డ్యూటీలు చేసే నర్సులు, దుకాణం మూసి పది నిమిషాలలో ఇల్లు చేరాలనుకునే వ్యాపారులు. మాగుంట లేఅవుటు వెడల్పు రోడ్లనూ నిశ్శబ్దాన్నీ కోరేవారికి ట్రంకు రోడ్డు సందును అంటగట్టలేము. దర్గామిట్టలో ఇల్లున్నవారు మొహర్రం వేళ బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ రోజుల్లో వీధిలోకి వాహనం రావడం ఎంత కష్టమో, స్వర్ణాల చెరువు గట్టున ఆ జనాన్ని చూడడం ఎంత బాగుంటుందో రెండూ చెప్పాలి. ఒకసారి పగలు, ఒకసారి రాత్రి ఎనిమిదికి వచ్చి చూడమని మేమే అడిగాము. రెండోసారి కూడా వచ్చినవారే నిజంగా కొనేవారు.

ఇంతవరకూ కంటికి కనబడేవి. అమ్మకాలు ఆగిపోయేది ఎక్కువగా కంటికి కనబడని చోట, అంటే హక్కు ఎవరిది అన్న చోట. నాన్న పోయాక ఫ్లాటు సహజంగానే అమ్మదీ, మాదీ అనుకున్నాము. మేము ముగ్గురం: అక్క, నేను, అమెరికాలో ఉన్న తమ్ముడు. ఫ్యామిలీ మెంబరు సర్టిఫికెట్టు తీసుకుని వకీలు దగ్గరకు వెళితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నాన్నగారు పోయిన రోజుకు మీ నాయనమ్మ బతికే ఉన్నారా?" ఉంది. నాన్న పోయిన రెండేళ్లకు ఆమె పోయింది. ఆ ఒక్క జవాబుతో లెక్క మారిపోయింది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా చనిపోయిన మగవారి స్వార్జితంలో భార్యకూ కొడుకులకూ కూతుళ్లకూ ఎంత హక్కు ఉందో తల్లికీ అంతే హక్కు ఉంది. అందరూ మొదటి తరగతి వారసులే. కాబట్టి మా ఫ్లాటులో అమ్మ, నాయనమ్మ, మేము ముగ్గురం కలిసి ఐదుగురం, తలా అయిదో వంతు. తరువాత నాయనమ్మ కూడా వీలునామా లేకుండా పోవడంతో ఆమె అయిదో వంతు ఆమె పిల్లల వైపు వెళ్లింది: బాబాయికి ఒక భాగం, మేనత్తకు ఒక భాగం, ఆమెకంటే ముందే పోయిన మా నాన్న తరఫున మా ముగ్గురికీ కలిపి ఒక భాగం. అంటే బాబాయికీ మేనత్తకూ మొత్తం ఫ్లాటులో చెరో పదిహేనో వంతు హక్కు ఉంది. ఆ సంగతి వాళ్లకూ తెలియదు, మాకూ తెలియదు. తెలియకుండా మేము నలుగురం సంతకాలు చేసి అమ్మి ఉంటే, ఆ దస్తావేజులో చిన్న రంధ్రం ఒకటి ఎప్పటికీ ఉండిపోయేది. పదేళ్ల తరువాత ఎవరో ఒకరు దానిని వేలితో పెద్దది చేసేవారు. ముస్లింలకు వారి మతచట్టమూ, క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టమూ వర్తిస్తాయి కనుక వాటాలు వేరుగా ఉంటాయి, కానీ పోయిన తేదీకి ఎవరెవరు బతికి ఉన్నారన్న ప్రశ్న అందరికీ ముఖ్యమే.

ఇలాంటి చోట రెండు దారులు. వాటా వద్దనుకునేవారు హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించవచ్చు, లేదా వాటాదారులందరూ క్రయ దస్తావేజులో అమ్మకందారులుగా సంతకాలు చేయవచ్చు. బాబాయి, మేనత్త రెండో దారినే ఒప్పుకున్నారు. వారి వంతు సొమ్ము వారి ఖాతాల్లోకే వెళ్లేలా ఒప్పందంలో రాయించాము. బంధుత్వం మీద ఉన్న గౌరవంతోనే అలా రాయించాము. వారసులలో మైనరు ఉంటే పని ఇంకా నెమ్మదిస్తుంది, ఎందుకంటే మైనరు స్థిరాస్తిని అమ్మడానికి సంరక్షకులకు ముందుగా కోర్టు అనుమతి కావాలి.

విదేశంలో ఉన్న వారసుడు రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. తమ్ముడు అక్కడి భారత కాన్సులేటులో సంతకం చేసి పంపాడు. అలా వచ్చిన పత్రానికి అది మన దేశం చేరిన 3 నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. పవర్ ఆఫ్ అటార్నీ అన్నది అమ్మే అధికారాన్ని ఇచ్చే కాగితం మాత్రమే, దానంతట అది అమ్మకం కాదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), అగ్రిమెంటు చేతిలో పెట్టి ఇల్లు అమ్మేశామనుకునే పద్ధతి చెల్లదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. తక్కువ ఖర్చుతో తేలిపోతుందని ఎవరైనా ఆ దారి చూపిస్తే దయచేసి వినకండి.

హక్కు సంగతి తేలాక మిగిలిన కాగితాలు ఓపికతో కూర్చోబెట్టే పని. రిజిస్ట్రేషను శాఖ ఇచ్చే ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టులో, మన ఫ్లాటు మీద జరిగిన లావాదేవీలన్నీ కనబడాలి. నాన్న అప్పట్లో తీసుకున్న గృహరుణం ఎప్పుడో తీరిపోయినా, దస్తావేజులు బ్యాంకులో తాకట్టు పెట్టినట్టు రాసిన ఎంట్రీ మాత్రం ఈసీలో అలాగే ఉంది. బ్యాంకు నుంచి విడుదల పత్రం రిజిస్టరు చేయిస్తేనే అది తీరినట్టు. ఇప్పుడు అప్పు తీరుస్తున్నవారికి కొంత నయం. రిజర్వు బ్యాంకు 2023లో ఇచ్చిన ఆదేశం ప్రకారం అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలి, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం చెల్లించాలి. వీటికి తోడు లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), బిల్డరుకూ స్థలం యజమానికీ మధ్య జరిగిన డెవలప్‌మెంట్ ఒప్పందం, మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లాను కావాలి. మంజూరైన దానికన్నా ఒక అంతస్తు ఎక్కువ లేచి, ఫ్లాటు ఆ అంతస్తులోనే ఉంటే కొనేవారికి బ్యాంకు రుణం దొరకడం కష్టం. బీపీఎస్ (అనుమతి మీరిన కట్టడాలను జరిమానాతో క్రమబద్ధీకరించే పథకం) కింద క్రమబద్ధీకరించిన కాగితం ఉంటే అది మొదటి రోజే చూపించాలి. కారు పార్కింగు దస్తావేజులో రాసి ఉందా, వాడుకలో మాత్రమే ఉందా అన్నది కూడా చూసుకోవాలి. ఇంటిపన్ను, కరెంటు బిల్లు, అసోసియేషను బాకీ లేదన్న చీటీ చిన్నవే కానీ చివరి రోజున వెతికితే దొరకవు.

డబ్బు దగ్గరకు వద్దాం. అడ్వాన్సు నగదుగా తీసుకోవడం మన దగ్గర పాత అలవాటు. 2015 జూన్ నుంచి స్థిరాస్తి అమ్మకం కోసం 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం నిషేధించింది, తీసుకున్నవారికి తీసుకున్నంత జరిమానా పడవచ్చు. కాబట్టి సగం నల్ల, సగం తెల్ల అన్న బేరంలో ఎక్కువగా ఇరుక్కునేది అమ్మేవారే. రిజిస్ట్రేషను ఖర్చు ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదలాయింపు సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషను రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం, ప్రభుత్వ విలువ, అమ్మకం ధర వీటిలో ఏది ఎక్కువైతే దాని మీద. వాడుక ప్రకారం దీనిని కొనేవారే భరిస్తారు. 30 లక్షల ఫ్లాటుకు అది 2.25 లక్షలు అవుతుంది, అంటే వారికి ఇల్లు 32.25 లక్షలకు పడుతోంది; బేరం ఆడేటప్పుడు వారి మనసులో ఉండేది ఆ రెండో అంకె అని గుర్తుపెట్టుకోవాలి.

అమ్మేవారి వంతు వచ్చేది లాభం మీద పన్ను. రెండేళ్లకు మించి ఉంచుకున్న ఇంటిపై లాభం దీర్ఘకాలికం. 2024 జూలై 23 నుంచి ఇండెక్సేషను (ధరల పెరుగుదల సూచీ ప్రకారం కొన్న ధరను పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం రేటు వచ్చింది. ఆ తేదీకి ముందు కొన్న ఆస్తికి మాత్రం, దేశంలో నివసించే వ్యక్తులు పాత పద్ధతిలో ఇండెక్సేషనుతో 20 శాతం లెక్క కట్టి, రెండింటిలో తక్కువైనది కట్టవచ్చు. 2004-05లో 6 లక్షలకు కొని, 2025-26లో 30 లక్షలకు అమ్మిన యజమానిని తీసుకుందాం. కొత్త పద్ధతిలో 24 లక్షల లాభం మీద 12.5 శాతం, 3 లక్షలు. పాత పద్ధతిలో సూచీ 113 నుంచి 376కు పెరిగింది కాబట్టి కొన్న ధర దాదాపు 19.96 లక్షలుగా మారుతుంది, లాభం 10.04 లక్షలకు తగ్గుతుంది, పన్ను సుమారు 2 లక్షలు. ఒక్క లెక్కలో లక్ష రూపాయల తేడా. వారసత్వంగా వచ్చిన ఇంటికి కొన్నవారి ధరనే మన ధరగా తీసుకుంటారు, కాబట్టి నాన్న నాటి దస్తావేజూ, తరువాత పెట్టిన పెద్ద మరమ్మతుల రసీదులూ ఆడిటరుకు ఇవ్వాలి. వచ్చిన లాభంతో రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా, ఆరు నెలల్లో నిర్దేశిత బాండ్లలో 50 లక్షల లోపు పెట్టినా మినహాయింపు ఉంది. ఒప్పుకున్న ధర కంటే ప్రభుత్వ విలువ 10 శాతానికి మించి ఎక్కువగా ఉంటే ప్రభుత్వ విలువ మీదనే లాభం లెక్కిస్తారు. ధర ఖాయం చేసే ముందే ఆ విలువ ఎంతో చూసుకోవాలి.

దేశంలో ఉన్నవారు 50 లక్షల లోపు అమ్మితే కొనేవారు టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించే పన్ను) పట్టుకోనక్కరలేదు. విదేశంలో ఉన్న తమ్ముడి వాటాకు ఆ మినహాయింపు వర్తించదు, అది ఎంత చిన్నదైనా కొనేవారు ప్రవాసుల రేటున పన్ను పట్టుకోవాలి. ఈ సంగతి ఒప్పందం రోజునే చెప్పకపోతే రిజిస్ట్రేషను ఉదయం అందరి ముఖాలూ మాడిపోతాయి. తమ్ముడు పన్ను తక్కువగా పట్టుకునేందుకు ఆదాయపన్ను శాఖ ఇచ్చే సర్టిఫికెట్టు కోసం ముందే దరఖాస్తు పెట్టుకున్నాడు, అందుకు పట్టిన కాలాన్ని ఒప్పందం గడువులో కలిపాము.

రిజిస్ట్రేషను రోజున దస్తావేజు లేఖరి చెక్కుబంది చదువుతుంటే మా అమ్మ ప్రతి హద్దుకూ తల ఊపింది: తూర్పు కారిడారు, దక్షిణం మెట్లు, పడమర ఖాళీ స్థలం, ఉత్తరం పక్క ఫ్లాటు. పాత దస్తావేజులో తూర్పు, పడమర తారుమారుగా పడిన సంగతి ఆమె కనిపెట్టింది. సరిచేసిన తరువాతే వేలిముద్రలు వేశాము. ఆ సాయంత్రం కరెంటు మీటరు రీడింగు ఇరువైపులవారమూ ఫోటో తీసుకున్నాము. మీటరు, ఇంటిపన్ను అసెస్‌మెంటు కొత్తవారి పేరుకు మారేదాకా బిల్లులు మా నాన్న పేరుతోనే వస్తాయి కాబట్టి, సర్వీసు నంబరు, అసెస్‌మెంటు నంబరు, నీటి కుళాయి నంబరు ఒక కాగితం మీద రాసి తాళాలతో పాటు ఇచ్చాము. కొనుక్కున్నావిడ ఆ కాగితం వెనుకకు తిప్పి, వంటగది పసుపు ఏ కంపెనీ ఏ నంబరో కూడా రాసిమ్మని అమ్మను అడిగింది.